ఏనుగుపాదం మొక్క: తీగ లేస్తేనే నీళ్లు

పెండలం దుంప తెలియని తెలుగు ఇల్లు తక్కువ. ఆ పెండలానికి దక్షిణాఫ్రికాలో ఒక దాయాది ఉంది. పెండలం దుంప మట్టిలో దాక్కుని పెరుగుతుంది. ఈ దాయాది దుంప సగానికి సగం నేల మీదే కూర్చుంటుంది. ఎండిన చెరువు నేలలా నెర్రెలిచ్చి, ఆ నెర్రెల మధ్య బెరడు పెంకులు పెంకులుగా లేచి, దూరం నుంచి చూస్తే తాబేలు చిప్పలా ఉంటుంది. దాని నడినెత్తి నుంచి ఏడాదికొకసారి సన్నని తీగ లేచి, చిన్నచిన్న హృదయాకారపు ఆకులు తొడిగి, కొన్ని నెలలకు ఎండిపోతుంది. దుంప మాత్రం ఏళ్ల తరబడి, దశాబ్దాల తరబడి అలాగే ఉంటుంది. దీని శాస్త్రీయ నామం డయోస్కోరియా ఎలిఫాంటిపెస్. ఎలిఫాంటిపెస్ అంటే ఏనుగు పాదం. ఒకప్పుడు దీన్ని టెస్టుడినేరియా అనే వేరే ప్రజాతిలో కూడా పెట్టారు. లాటిన్‌లో టెస్టుడో అంటే తాబేలు. మొక్కల పెంపకందార్లు ఇలాంటి ఉబ్బిన మొదలును కాడెక్స్ అంటారు. ఇక్కడ దుంప అనే అందాం.

కొనే ముందు పేరు దగ్గర జాగ్రత్త. మనం పులుసు పెట్టుకునే కందను ఇంగ్లీషులో ఎలిఫెంట్ ఫుట్ యామ్ అంటారు. నర్సరీల్లో పోనీటెయిల్ పామ్ పేరుతో అమ్మే బొకార్నియాను కూడా కొందరు ఎలిఫెంట్ ఫుట్ అంటారు. ఈ మూడింటికీ పెంపకంలో పోలికే లేదు. అందుకని ఆర్డరు పెట్టేటప్పుడు శాస్త్రీయ నామం అడగండి. ఇంకో ముఖ్యమైన విషయం: పెండలానికి దాయాదే అయినా ఇది వంటింటి దుంప కాదు. పచ్చిగా తింటే హాని చేసే సాపోనిన్లు ఇందులో ఉంటాయి. దక్షిణాఫ్రికా ఎండు నేలల్లో పూర్వం ఖోయి ప్రజలు లోపలి గుజ్జును కాల్చి తినేవారు గానీ, మనం ఆ ప్రయోగం చేయాల్సిన పని లేదు. పసిపిల్లలకు, కుక్కపిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి.

మన దగ్గర ఈ మొక్క ఎందుకు చచ్చిపోతుంది

ముందు ఇది అర్థమైతే మిగతా పెంపకమంతా తేలిక. ఏనుగుపాదం పుట్టిల్లు దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతాల్లోని పొడి, రాతి వాలులు. అక్కడ ఇది చల్లని నెలల్లో పెరుగుతుంది, ఎండ ముదిరితే తీగను వదిలేసి నిద్రపోతుంది. మన వాతావరణంలో కుదురుకున్నాక మామూలుగా సెప్టెంబరు చివరనో అక్టోబరులోనో, రాత్రులు కాస్త చల్లబడ్డప్పుడు లేస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆకులు పండబారతాయి. అక్కడి నుంచి సెప్టెంబరు దాకా నిద్రే.

ఇప్పుడు మన క్యాలెండరు చూడండి. దాని నిద్రలో మొదటి సగం మన మండుటెండలు, రెండో సగం మన వానాకాలం. మే నెల ఎండకు చచ్చిన మొక్కలకంటే జూలై, ఆగస్టు తడికి చచ్చినవే ఎక్కువ. నిద్రలో ఉన్న మొక్కకు ఆకు ఉండదు. ఆకు లేకపోతే వేరు నీళ్లు పీల్చుకోవడం దాదాపు ఆగిపోతుంది. పీల్చుకోని నీళ్లు కుండీలో నిలిచి, ఇరవై ఎనిమిది ముప్ఫై డిగ్రీల వెచ్చదనానికి శిలీంధ్రాలు పెరిగి, దుంప అడుగు భాగం కుళ్లుతుంది. బాధ ఏమిటంటే పైకి ఏమీ తెలియదు. బెరడు చెక్కలా గట్టిగా ఉంటుంది కాబట్టి లోపల సగం గుజ్జయిపోయినా పైన తాబేలు చిప్ప అందంగానే కనిపిస్తుంది. అక్టోబరులో తీగ రాలేదేమిటని కదిపి చూస్తే చేతికి చిప్ప ఒక్కటే వస్తుంది.

అందుకని నీళ్ల విషయంలో నెల చూడొద్దు, వారం చూడొద్దు, తీగను చూడండి. తీగ లేచిందా, నీళ్లు మొదలు. ఆకులు పండుతున్నాయా, నీళ్లు తగ్గించండి. తీగ ఎండిందా, నీళ్లు బంద్ (మే నెలలోనూ, పిల్ల మొక్కలకూ ఇచ్చే కొద్దిపాటి తడి సంగతి కింద నిద్రపుచ్చడం దగ్గర ఉంది). కొత్తగా కొన్న మొక్క మన రుతువులకు ఎదురు నడవొచ్చు. ముఖ్యంగా భూమధ్యరేఖకు దక్షిణం నుంచి వచ్చినది ఏప్రిల్‌లో తీగ వేసి కూర్చుంటుంది. అప్పుడు కూడా ఇదే లెక్క: అది మేలుకుని ఉంటే నీళ్లు పోయండి. ఒకటి రెండేళ్లలో తనంతట తానే మన చలికాలానికి సర్దుకుంటుంది. బలవంతంగా నీళ్లు మాన్పించి నిద్రపుచ్చాలని చూడొద్దు.

కొనేటప్పుడు ఏం చూడాలి

దుంపను చేతిలోకి తీసుకుని తిరగేయండి. పెంకులుండే పైభాగం చూసి మురిసిపోతే అసలు సంగతి తప్పిపోతుంది. అడుగు భాగం నున్నగా, లేత గోధుమ రంగులో, బొటనవేలితో నొక్కితే పచ్చి బంగాళాదుంపంత గట్టిగా ఉండాలి. ఎక్కడైనా వేలు దిగబడినా, తడి మరకలున్నా, పుల్లటి వాసన వచ్చినా వదిలేయండి. పరిమాణానికి తగిన బరువుండాలి. తేలిగ్గా, డొల్లగా అనిపిస్తే లోపల ఎండిపోయిందనో కుళ్లి ఆరిపోయిందనో అర్థం. నడినెత్తిన కన్ను ఉండే చోటు దెబ్బ తినకుండా ఉందా అని చూడండి. పసుపు కొమ్ముకు నాలుగైదు కళ్లున్నట్టు దీనికి ఉండవు. మామూలుగా నెత్తిన ఒకే చోటు నుంచి తీగ లేస్తుంది. అక్కడ విరిగినా కుళ్లినా మళ్లీ కోలుకోవడం కష్టం.

అడుగు, అడుగున్నర వెడల్పున్న పెద్ద దుంప ఎవరైనా చవగ్గా ఇస్తామంటే అనుమానించాల్సిందే. ఈ మొక్క ఎంత నిదానంగా పెరుగుతుందంటే, అంత దుంప కుండీలో తయారవడానికి దశాబ్దాలు పడుతుంది. చవగ్గా దొరికిందంటే అడవిలో తవ్వుకొచ్చినదై ఉండే అవకాశమే ఎక్కువ. అలా తవ్వి తెచ్చిన ముసలి దుంపలు కుండీలో కుదురుకోవడం కూడా అరుదు. గింజ నుంచి పెంచిన నిమ్మకాయంత, బత్తాయంత మొక్క కొనుక్కోండి. విదేశం నుంచి ఇండియాకు నేరుగా తెప్పించుకునేవారికి మన ప్రభుత్వ 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిట్, మొక్కకు తెగుళ్లు, పురుగులు లేవని పంపే దేశం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. పార్శిల్‌లో దాచి పంపుతామనే అమ్మకందారు జోలికి పోవద్దు.

ఇంకో చిక్కు ఉంది. ఏనుగుపాదం పేరుతో డయోస్కోరియా మెక్సికానా అనే దాని బంధువును కూడా అమ్ముతుంటారు. మెక్సికో నుంచి పనామా దాకా పెరిగే ఆ మొక్కకూ తాబేలు చిప్ప ఉంటుంది. అది ఎండాకాలం, వానాకాలం పెరిగి చలికాలం నిద్రపోతుంది. ఆకును చూసి పోల్చుకోవచ్చు. మెక్సికానా ఆకు పెద్దది, కొస రావి ఆకు కొసలా పొడుగ్గా సాగి ఉంటుంది. ఏనుగుపాదం ఆకు చిన్నది, వెడల్పుగా ఉండి కొస చటుక్కున ముగుస్తుంది. మెక్సికానా వచ్చిందని బాధపడొద్దు. నిజానికి మన వాతావరణానికి అదే తేలిగ్గా ఒదుగుతుంది. 1940లలో రసెల్ మార్కర్ అనే అమెరికన్ రసాయనవేత్త ప్రొజెస్టిరాన్ హార్మోనును చవగ్గా తయారుచేసింది మెక్సికోలోని ఇలాంటి అడవి పెండలాల నుంచే. పెంపకానికి వస్తే, తీగను చూసి నీళ్లు పోసే సూత్రం రెండింటికీ ఒకటే.

మట్టి, కుండీ

తోట మట్టి, ఎర్రమట్టి, ఒట్టి కోకోపీట్, ఈ మూడూ దీనికి పనికిరావు. మట్టి వానాకాలం గాలి తేమకే బిగుసుకుంటుంది. కోకోపీట్ పైన ఆరినట్టు కనిపించి అడుగున పది రోజులు తడిగా ఉంటుంది. 6 అంగుళాల కుండీకి సరిపడే మిశ్రమం ఇలా కలుపుకోండి. కొలతకు మామూలు నీళ్ల గ్లాసు చాలు:

ప్యూమిస్ (అగ్నిపర్వతపు తేలిక రాయి ముక్కలు) లేదా పెర్లైట్ (కాల్చి ఉబ్బించిన తెల్లటి తేలిక గుళికలు) 4 గ్లాసులు
3 నుంచి 5 మిల్లీమీటర్ల ఇటుక ముక్కలు లేదా అంతే సైజు ముతక ఇసుక 3 గ్లాసులు
బాగా మాగిన ఆకు ఎరువు లేదా వర్మీ కంపోస్టు 2 గ్లాసులు
కర్ర బొగ్గు చిన్న ముక్కలు 1 గ్లాసు

దీనికి ఒక టేబుల్ స్పూను వేపపిండి కలపొచ్చు, అంతకు మించొద్దు. ఇటుక ముక్కలు కొట్టుకునేవారు దుమ్మును తప్పనిసరిగా జల్లించేయాలి. రవ్వ జల్లెడ మీద మిగిలేదే వాడాలి. ఆ దుమ్ము కుండీలో ఉంటే నాలుగు నెలలకు అడుగున సిమెంటులా పేరుకుంటుంది. ఇసుక అయితే కడిగినప్పుడు నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. కలిపిన మిశ్రమాన్ని కుండీలో నింపి ఒక గ్లాసు నీళ్లు గుమ్మరించి చూడండి. పైన మడుగు కట్టకుండా వెంటనే దిగిపోయి అడుగు నుంచి కారాలి. మడుగు కడితే ఇంకో రెండు గ్లాసుల పెర్లైట్ కలపండి.

కుండీ మట్టిదే మేలు, గ్లేజు లేనిది. దుంప అంచు నుంచి కుండీ అంచు దాకా చుట్టూ 2 అంగుళాల చోటుంటే చాలు. పెద్ద కుండీలో పెడితే పెద్దగా పెరుగుతుందనేది ఈ మొక్క విషయంలో ప్రమాదకరమైన నమ్మకం. వేరు చేరని మట్టి ఎంత ఎక్కువుంటే అంతకాలం తడి నిలుస్తుంది. అడుగున గులకరాళ్లు పరవడం వల్ల కూడా లాభం లేదు. తడి ఆ రాళ్ల పైవరసలో ఆగుతుంది, వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. చిల్లు మీద నైలాను దోమతెర ముక్క ఒకటి వేసి నేరుగా మిశ్రమం నింపండి.

దుంపను అడుగు మూడో వంతు మాత్రమే మట్టిలో దిగేలా కూర్చోబెట్టండి. పెంకుల మధ్య నెర్రెల్లోకి ఎరువు పోకుండా దుంప చుట్టూ అరంగుళం మందాన ఒట్టి ఇటుక ముక్కలో చిన్న గులకలో పరిస్తే దుంప మెడ పొడిగా ఉంటుంది. నిమ్మకాయకన్నా చిన్న మొక్కలకు మాత్రం ఈ నియమం వర్తించదు. వాటిని పూర్తిగా మట్టిలో పాతి, కన్ను ఉన్న చోటు మాత్రం పైకి ఉంచండి. పాతి ఉంచిన చిన్న దుంప పైన పెట్టినదానికంటే వేగంగా ఊరుతుంది. అందం కోసం తొందరపడి పైకి లేపితే ఎదుగుదల మందగిస్తుంది.

వేళ్లు లేకుండా వచ్చిన దుంపయితే, వచ్చిన రోజే నాటొద్దు. నీడలో, గాలి తగిలే చోట వారం రోజులు కాగితం మీద ఆరనివ్వండి. వేళ్లు తెగిన గాయాల మీద గంధకం పొడి అద్దండి. తర్వాత పొడి మిశ్రమం మీద కూర్చోబెట్టి, కన్ను కదిలేదాకా నీళ్లు పోయకుండా ఉంచండి.

కన్ను కదిలాక

సెప్టెంబరు రాగానే రెండు మూడు రోజులకొకసారి టార్చిలైటు వేసి నడినెత్తిన చూడండి. బియ్యపు గింజంత మొన ఒకటి, ఆకుపచ్చలో ఊదా కలిసిన రంగులో, పెంకుల మధ్య నుంచి తొంగిచూస్తుంది. అది వచ్చిన రోజు నుంచి మొక్క నిదానం తెలిసిన మొక్కలా ఉండదు. పెన్ను రీఫిల్ లావున, ఆకన్నది లేకుండా, రోజుకు కొన్ని సెంటీమీటర్ల చొప్పున నిటారుగా లేస్తుంది. అడుగు, రెండడుగులు లేచాక గానీ పక్క కొమ్మలు వేసి ఆకులు విప్పదు.

ఈ మొలక వారం పది రోజులు చాలా పెళుసుగా ఉంటుంది. చీర కొంగు తగిలినా, పిల్లి తోక తగిలినా పుటుక్కున విరుగుతుంది. విరిగితే కంగారు పడొద్దు, చాలాసార్లు కింది కణుపు నుంచి ఇంకో కొమ్మ వస్తుంది. అయితే ఆ ఏడాది ఆకు తగ్గుతుంది. ఆకు తగ్గితే దుంప ఊరడమూ తగ్గుతుంది. కాబట్టి మొన కనిపించిన రోజే ఊత పెట్టేయండి. 3 మిల్లీమీటర్ల జీఐ (జింకు పూత పూసిన) ఇనుప తీగను రెండు మూడడుగుల ఎత్తున విల్లులా వంచి, రెండు కొసల్నీ కుండీ అంచు వెంబడి దించండి, దుంప పక్కన గుచ్చొద్దు. రెండు రోజులకొకసారి లేత కొసను వేలితో ఊత వైపు మళ్లించండి. ఒకసారి గట్టిగా చుట్టుకున్నాక విప్పాలని చూస్తే తెగుతుంది.

మొన కనిపించగానే కుండీ నిండా నీళ్లు పోయకండి. మొదటి రెండు వారాలు అంచు వెంబడి పావు గ్లాసు చొప్పున, నాలుగైదు రోజులకొకసారి ఇవ్వండి. వేళ్లు కూడా అప్పుడప్పుడే లేస్తుంటాయి. ఆకులు విప్పడం మొదలయ్యాక పూర్తి తడి ఇవ్వొచ్చు: అడుగు చిల్లు నుంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచినవి పారబోసి, మళ్లీ పైనుంచి 2 అంగుళాల లోతు ఆరేదాకా ఆగాలి. హైదరాబాదు నవంబరు, డిసెంబరుల్లో మట్టి కుండీకి ఇది వారానికి అటూ ఇటూగా ఉంటుంది. విశాఖ, కాకినాడల తేమకు ఇంకో మూడు నాలుగు రోజులు ఎక్కువే పడుతుంది. వేలు పెట్టి చూడటం నమ్మకంగా లేకపోతే వంటింటి తూకం వాడండి. తడిపిన మరుసటి రోజు కుండీని తూచి రాసుకోండి, పూర్తిగా ఆరినప్పుడు ఇంకోసారి తూచండి. ఆ రెండు అంకెలు తెలిస్తే ఊహించాల్సిన పని ఉండదు. చిన్న కుండీలకు ఇంతకన్నా మంచి పద్ధతి లేదు.

నీళ్లు ఎప్పుడూ కుండీ అంచు వెంబడే పోయండి. దుంప నెత్తి మీద పోస్తే నెర్రెల్లో నిలుస్తాయి, కన్ను దగ్గర కుళ్లు మొదలవుతుంది. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. పెంకుల మీద తెల్లటి పొర కడుతుంది, ఆకు ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపు తిరుగుతుంది. ఆర్వో మెషీను నుంచి పక్కకు వదిలే నీళ్లు మొక్కలకు పోయడం చాలా ఇళ్లలో అలవాటు. ఈ మొక్కకు మాత్రం వద్దు, అందులో ఉప్పు ఇంకా చిక్కబడి ఉంటుంది. వాన నీళ్లు పట్టి ఉంచుకుంటే అన్నిటికన్నా మంచిది.

ఎరువు ఆకులు పూర్తిగా విప్పాకే. నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే 19-19-19 కరిగే ఎరువును లీటరు నీటికి 1 గ్రాము చొప్పున, మూడు వారాలకొకసారి, ముందే తడిగా ఉన్న మట్టికి ఇవ్వండి. ఫిబ్రవరి మధ్యకల్లా ఆపేయాలి. నత్రజని ఎక్కువైతే తీగ గజాల కొద్దీ పెరిగి, దుంప ఉన్నంతే ఉంటుంది.

వెలుతురు విషయంలో ఈ మొక్కకు తలకో న్యాయం, కాలికో న్యాయం. పుట్టింట్లో దుంప పొదల నీడలో, రాళ్ల సందున ఉంటుంది, తీగ మాత్రం పొద మీదకు పాకి ఎండను తాగుతుంది. మనమూ అలాగే పెట్టాలి. తూర్పు బాల్కనీలో పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు తీగకు తగలాలి, దుంప ముందు ఇంకో కుండీ అడ్డం ఉండాలి. చలికాలపు ఎండ దుంప మీద పడినా పెద్దగా నష్టం లేదు గానీ, మార్చి దాటాక పడమటి ఎండ పడితే ఆ వైపు దుంప ఉడికినంత పనవుతుంది. ఇంట్లోనే పెట్టేవారు కిటికీకి రెండడుగుల లోపు పెట్టండి. అంత వెలుతురు లేకపోతే తీగకు అడుగు దూరంలో ఎల్ఈడీ గ్రో లైటు రోజుకు 12 గంటలు వేయండి. సీలింగ్ ఫ్యాను గాలి నేరుగా కొట్టే చోట లేత కొసలు మాడిపోతాయి.

ఇదంతా సరిగ్గా సాగుతుంటే డిసెంబరు, జనవరి నెలల్లో దుంపను దగ్గరగా చూడండి. పెంకుల పైభాగం బూడిద రంగులో ఎండు చెక్కలా ఉంటుంది. పక్కల నుంచి చూస్తే ఒక్కో పెంకు పొరలు పొరలుగా, పాత పుస్తకం అంచులా కనిపిస్తుంది. నెర్రె అడుగున సన్నని లేత గీత, మీగడ రంగులోది, కొత్తగా తెరుచుకుని ఉంటే దుంప ఊరుతోందన్నమాట. అంగుళాల టేపు కన్నా ఆ గీతే నమ్మకమైన కొలమానం.

పురుగులు

పిండినల్లికి ఈ నెర్రెలకన్నా మంచి ఇల్లు దొరకదు. తెల్లటి దూది పింజల్లాంటివి పెంకుల సందుల్లో, ఆకు తొడిమల దగ్గర కనిపిస్తాయి. చీమలు తీగ మీదికి ఎక్కిదిగుతుంటే పిండినల్లి ఉందనే లెక్క. కొద్దిగా ఉంటే చెవి పుల్లను సర్జికల్ స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్కటీ తుడిచేయండి, వారం వారం మూడుసార్లు. ఎక్కువైతే ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌ఎల్ మందును లీటరుకు అర మిల్లీలీటరు కలిపి, గ్లవుజులు వేసుకుని, ఆరుబయట, తీగ మేలుకుని ఉన్న రోజుల్లో వాడాలి. నిద్రలో ఉన్న మొక్కకు ఈ మందు ఎక్కదు. ఫిబ్రవరి ఎండలు మొదలయ్యాక ఆకు మీద సన్నని తెల్ల చుక్కలు, అడుగున సాలెగూడు లాంటి నూలు కనిపిస్తే అది ఎర్రనల్లి. దానికి పై మందు పనిచేయదు, ఒక్కోసారి నల్లి ఇంకా పెరుగుతుంది. ఆకుల అడుగు భాగాన్ని మూడు రోజులకొకసారి నీళ్లతో తుడవండి, దుంప మీద కారకుండా కుండీ మీద ప్లాస్టిక్ కవరు కప్పండి. వేపనూనె లీటరుకు 3 మిల్లీలీటర్లు, రెండు చుక్కల లిక్విడ్ సోపుతో సాయంత్రం పూట కొట్టొచ్చు.

నిద్రపుచ్చడం, వానాకాలం దాటించడం

మార్చి, ఏప్రిల్ నెలల్లో ముదురు ఆకుల నుంచి మొదలై తీగంతా పండబారితే అది సహజం. డిసెంబరులో, మంచి పెరుగుదల మధ్య, లేత కొసలు నల్లబడి ఆకులు రాలితే మాత్రం అది వేరుకుళ్లు అని అనుమానించి కుండీ తీసి చూడాలి. సహజంగా పండబారేటప్పుడు నీళ్లు మూడు నాలుగు వారాల మీద తగ్గిస్తూ పోండి. పసుపు ఆకులు అందంగా లేవని తీగను కోసేయొద్దు. ఆ ఆకుల్లో ఉన్నది చివరి చుక్క దాకా దుంపలోకి దిగాలి. పూర్తిగా ఎండి పుల్లయ్యాక దుంపకు 2 సెంటీమీటర్ల పైన కత్తిరించండి. లాగి పీకితే కన్ను చుట్టూ తోలు లేస్తుంది. ఆ మోడు తనంతట తానే ఊడిపోతుంది.

తర్వాత కుండీని నీడలో, గాలి ఆడే చోట, వాన జల్లు పడని చోట పెట్టండి. బాల్కనీ గ్రిల్లు పక్కన వద్దు, జూన్‌లో గాలివాన ఎటు నుంచి కొడుతుందో చెప్పలేం. మూడు అంగుళాలు దాటిన దుంపకు మే నెలలో మూడు వారాలకొకసారి రెండు టేబుల్ స్పూన్ల నీళ్లు కుండీ అంచున చాలు. వానలు పడ్డాక అదీ మానేయండి. కోస్తాలో ఏప్రిల్ నుంచే అవసరం ఉండదు. గోళీకాయంత పిల్ల మొక్కలు అన్నాళ్లు ఓర్చుకోలేవు, వాటిలో నిల్వ తక్కువ. వాటికి పది పన్నెండు రోజులకొకసారి పైమట్టి తడిసేంత ఇవ్వండి. జూలై, ఆగస్టులలో నెలకోసారి ప్రతి దుంపనూ కొద్దిగా వంచి అడుగును బొటనవేలితో నొక్కి చూడటం అలవాటు చేసుకోండి.

మెత్తదనం తగిలితే ఆ రోజే పని మొదలుపెట్టాలి. దుంప తీసి మట్టి దులిపి, స్పిరిట్‌తో తుడిచిన పదునైన కత్తితో కుళ్లిన భాగాన్ని తెల్లటి గట్టి కండ కనిపించేదాకా చెక్కేయండి. గోధుమ రంగు మరక ఒక్కటి మిగిలినా మళ్లీ పాకుతుంది, ప్రతి కోతకూ కత్తి తుడవాలి. కోసిన చోట కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన పొడి మందు లేదా గంధకం అద్ది, ఫ్యాను గాలిలో రెండు మూడు వారాలు ఆరబెట్టండి. గాయం చెక్కలా గట్టిపడ్డాక ఒట్టి ప్యూమిస్ మీద కూర్చోబెట్టండి. అడుగు నుంచి వచ్చిన కుళ్లయితే బతికే అవకాశం బాగానే ఉంటుంది. కన్ను దగ్గర కుళ్లితే మాత్రం ఆశ తక్కువ.

కుండీ మార్చడం రెండు మూడేళ్లకొకసారి, సెప్టెంబరులో, కన్ను కదిలే ముందో కదిలిన మొదటి రోజుల్లోనో. తీగ పూర్తిగా ఉన్నప్పుడు కదిపితే ఆ సీజను పోయినట్టే.

అమెరికాలో ఉన్నవారికి చిక్కు ఇంకో రకం. అక్కడ చలికాలం ఇంట్లో హీటరు వెచ్చదనం, బయట పొట్టి పగళ్లు. అన్నిటికన్నా చల్లగా ఉండే గది కిటికీ, 10 నుంచి 18 డిగ్రీల సెల్సియస్, పైన గ్రో లైటు, ఇదే దానికి సరైన చోటు. మంచు తగలకూడదు. ఆస్ట్రేలియాలో ఉన్నవారు నెలలన్నీ తిరగేసి చదువుకోవాలి: అక్కడ మార్చి, ఏప్రిల్ నెలల్లో లేచి అక్టోబరు ప్రాంతానికి పడుకుంటుంది.

గింజ నుంచి

ఓపిక ఉన్నవారికి ఇదే అసలైన దారి, ఖర్చూ తక్కువ. ఆడ మగ మొక్కలు వేరు కాబట్టి ఇంట్లో ఒక్క మొక్కతో గింజలు రావు, కొనాల్సిందే. గింజ పల్చగా, రెక్క తగిలించినట్టు ఉంటుంది. తాజాదైతేనే మొలుస్తుంది. అక్టోబరు చివర, రాత్రులు 22 డిగ్రీల లోపుకు దిగాక మొదలుపెట్టండి. 24 గంటలు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, తడిపి పిండిన పెర్లైట్ ఉన్న జిప్ కవరులో వేసి, గదిలో నేరుగా ఎండ పడని చోట ఉంచండి. మూడు నుంచి ఆరు వారాలు, కొన్నిటికి మూడు నెలలు పడుతుంది. బూజు పట్టిన గింజను వెంటనే తీసేయండి. తెల్లటి వేరు కనిపించగానే 3 అంగుళాల లోతున్న కప్పులో 3 మిల్లీమీటర్ల మట్టి కప్పి నాటండి.

మొదట ఒకే ఒక ఆకు వస్తుంది. నెలల తరబడి అదొక్కటే ఉండొచ్చు, మొక్క ఆగిపోయిందని కప్పు తవ్వి చూడొద్దు. పని అంతా కింద జరుగుతోంది: ఆ ఆకు మొదలు దగ్గర ఆవగింజంత ఉన్న దుంప ఏడాది తిరిగేసరికి బఠాణీ గింజంత అవుతుంది. మొదటి ఏడాది దాన్ని నిద్రపుచ్చకుండా, ఆకు పచ్చగా ఉన్నన్నాళ్లూ, ఏసీ గదిలోనైనా సరే, తడి ఇస్తూ సాగదీయండి. మొదటి రెండేళ్లు ఎంత ఎక్కువ కాలం మేలుకుని ఉంటే దుంప అంత బలంగా ఊరుతుంది. నున్నగా ఉన్న బెరడు మూడు నుంచి ఐదేళ్ల మధ్య మొదటిసారి చీలుతుంది.

ఒక్కోసారి ఆరోగ్యంగా ఉన్న పెద్ద దుంప కూడా సెప్టెంబరు, అక్టోబరు, చలికాలం మొత్తం దాటినా కన్ను తెరవదు. ముఖ్యంగా ఊరు మారినప్పుడు, కుండీ మారినప్పుడు ఇలా జరుగుతుంది. నీళ్లు పోస్తే లేస్తుందేమోనని పోయడం వల్లే ఇలాంటివి చచ్చిపోతాయి. అడుగు గట్టిగా ఉంటే, బరువు తగ్గకుంటే అది బతికే ఉంది. నీడలో పొడిగా ఉంచి, నెలకోసారి నొక్కి చూస్తూ, వచ్చే సెప్టెంబరు దాకా ఆగండి.